పెటూనియాకి ఎరువు ఏది, ఎంత, ఎన్నాళ్లకోసారి? మొదట విరగబూసి ఇప్పుడు మొరాయిస్తోంది

కుండీరాజ్యం:
నమస్తే అండీ. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. వేలాడే కుండీల్లో పెటూనియాలు పెంచుతున్నాను. పెట్టిన కొత్తలో ఆకు కనపడనంతగా పూశాయి. ఇప్పుడు కొమ్మలు కిందికి సాగిపోయి మధ్యలో బోడిగా అయ్యాయి. చివర్లో మాత్రం ఒకటీ అరా పూలు. పైగా కొత్త ఆకులు పాలిపోయి వస్తున్నాయి. మిశ్రమం కోకోపీట్, వర్మీకంపోస్ట్, పెర్లైట్. ఎండ ఉదయం నుంచి మధ్యాహ్నం దాటేదాకా తగులుతుంది. పూలు బాగా రావాలని భాస్వరం ఎక్కువున్న 10-52-10 వేస్తున్నాను, డబ్బా మీద రాసినట్టే. డోసు పెంచాలా, ఎరువే మార్చాలా? అడిగిన ప్రతివాళ్లూ తలా ఒక మాట చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.

మేడతోట:
డోసు మాత్రం ఇప్పుడే పెంచకండి. ముందు రెండు విషయాలు చెప్పండి. పాలిపోయింది లేత ఆకులా, అడుగున ఉన్న ముదురు ఆకులా? ఆకు మొత్తం పసుపు అయిందా, లేక ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం మాత్రం పసుపు తిరిగిందా? దీన్నిబట్టే తర్వాత సంగతి.

చెక్కపిండి:
ఈ రసాయన ఎరువుల గోలంతా ఎందుకండీ? వర్మీకంపోస్ట్ పైన ఒక పొర వేసి, నూనె తీసిన చెక్కని నానబెట్టిన నీళ్లు పలచన చేసి పోయండి. అరటి తొక్క నీళ్లు కూడా పోయండి, పొటాష్ దొరుకుతుంది. నా మొక్కలన్నీ వీటి మీదే బతుకుతున్నాయి.

కుండీరాజ్యం:
మేడతోట గారూ, ఇప్పుడే దగ్గరగా పెట్టుకుని చూశాను. అడుగు ఆకులు ముదురు ఆకుపచ్చగా బాగానే ఉన్నాయి. కొమ్మ చివర ఉన్న లేత ఆకులే పసుపు. సన్నటి ఈనెలు కూడా గీసినట్టు పచ్చగా కనిపిస్తున్నాయి, వాటి మధ్య భాగమంతా నిమ్మపండు రంగు. అన్నిటికన్నా చివరి చిన్న ఆకు దాదాపు తెల్లగా ఉంది. కుండీ అంచున తెల్లటి పొరలాంటిది పేరుకుంది, గోటితో గీకితే పొడిలా రాలుతోంది.

నర్సరీమనిషి:
ఇంత చక్కగా చూసి చెప్పారు కాబట్టి మిగతావాళ్ల పని సులువైంది. ఇది ఇనుము అందకపోవడం. నత్రజని తక్కువైతే మొక్క దాన్ని ముదురు ఆకుల్లోంచి లాగి లేత ఆకులకి పంపుకుంటుంది, కాబట్టి పసుపు కింద నుంచి మొదలవుతుంది. ఇనుముకి అలా కదిలే గుణం లేదు. ఒకసారి ముదురు ఆకులో చేరాక అక్కడే ఉండిపోతుంది. అందుకే లోటు లేత ఆకులోనే బయటపడుతుంది.

పెటూనియాకి ఈ విషయంలో కాస్త బలహీనత ఉంది. మట్టి పీహెచ్ (అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5.5 నుంచి 6.0 మధ్య ఉంటే ఇనుమును బాగానే తీసుకుంటుంది. 6.5 దాటితే మిశ్రమంలో ఇనుము ఉన్నా దాని వేళ్లు లాక్కోలేవు. మీకు పీహెచ్ ఎందుకు పెరిగి ఉంటుందంటే, నీళ్ల వల్ల. కుండీ అంచున తెల్లపొర అంటున్నారు కదా, దాంట్లో కొంత ఎరువు లవణం, కొంత నీళ్లలోని సున్నం. కుళాయి మూతికి కూడా అలాంటి తెలుపే పడుతోందా చూడండి. పడుతుంటే మీ నీళ్లు కఠినం. అలాంటి నీళ్లలో చాలాసార్లు బైకార్బొనేట్లు, అంటే క్షార గుణమున్న లవణాలు కూడా ఎక్కువే ఉంటాయి. వాటితో రోజూ తడుపుతుంటే చిన్న కుండీలో పీహెచ్ మెల్లమెల్లగా ఎక్కుతుంది. నీళ్ల పీహెచ్ ఎంత అని ఒక్కటే చూస్తే సరిపోదు. వాటిలో ఎంత బైకార్బొనేట్ ఉందన్నదే అసలు లెక్క.

దీనికి తోడు మీ 10-52-10. భాస్వరం మోతాదు మించితే ఇనుమునీ జింకునీ ఇంకా అడ్డుకుంటుంది. పూల కోసం వేసిన ఎరువే ఇక్కడ పూలకి అడ్డం పడుతోంది.

కుండీరాజ్యం:
అమ్మో! భాస్వరం వేస్తే పూలొస్తాయని ప్రతి డబ్బా మీదా ఉంటుంది కదండీ?

లెక్కలపంతులు:
డబ్బా మీద ఉండే మూడు అంకెల సంగతి నేను చెబుతాను, అక్కడే చాలామంది తికమక పడతారు. మొదటిది నత్రజని శాతం. రెండోది భాస్వరం ఆక్సైడు రూపంలో, మూడోది పొటాషియం, అదీ ఆక్సైడు రూపంలో. అసలు భాస్వరం కావాలంటే రెండో అంకెని 0.44తో గుణించాలి. పొటాషియానికి మూడో అంకెని 0.83తో.

ఇప్పుడు పెటూనియా వైపు నుంచి చూద్దాం. దాదాపు ప్రతి తడికీ ఎరువు కలిపి పోసే పెంపకందారులు నత్రజని 150 నుంచి 200 పీపీఎం దాకా ఇస్తారు. పీపీఎం అంటే లీటరుకి మిల్లీగ్రాములు, అంతే. 20-20-20 ఒక గ్రాము లీటరు నీళ్లలో కలిపితే నత్రజని 200 పీపీఎం. 19-19-19 అయితే 190. అదే 10-52-10తో 200 పీపీఎం నత్రజని కావాలంటే లీటరుకి 2 గ్రాములు వేయాలి. అప్పుడు భాస్వరం ఎంతవుతుందో చూడండి: 2 గ్రాముల్లో 52 శాతం, దాన్ని 0.44తో గుణిస్తే 450 పీపీఎం పైమాటే. నత్రజనికి రెట్టింపు కన్నా ఎక్కువ. మొక్కకి కావలసింది దీనికి తలకిందులు. నత్రజని, పొటాషియం ఎక్కువ కావాలి, భాస్వరం వాటిలో చిన్న వంతు చాలు. ఇక నత్రజని కోసం కాకుండా డబ్బా చెప్పినట్టు తక్కువే వేశారనుకోండి, అప్పుడు మొక్కకి నత్రజని చాలక పస్తు.

చెక్కపిండి:
పంతులు గారు లెక్కలు బాగా చెప్పారు, ఒప్పుకుంటా. కానీ నత్రజని ఎక్కువైతే ఆకులే వచ్చి పూలు రావని కూడా అంటారు కదా. అందుకే నేను మెల్లగా విడుదలయ్యే సేంద్రియం అంటాను. ఇంకో చిట్కా: కట్టె బూడిద గుప్పెడు వేయండి, పొటాష్ వస్తుంది. గుడ్డు పెంకుల పొడి కూడా.

నర్సరీమనిషి:
చెక్కపిండి గారూ, మీ మొదటి మాట నిజమే. నత్రజని మరీ ఎక్కువై, దానికి తోడు ఎండ తక్కువైతే పెటూనియా ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. కానీ ఈవిడ కుండీకి బూడిద మాత్రం వద్దు. బూడిద క్షారం, పీహెచ్‌ని ఇంకా పైకి నెడుతుంది. గుడ్డు పెంకులు కూడా సున్నమే. మెల్లగా కరుగుతాయి కానీ వెళ్లేది అదే దారిన. ఎముకల పొడి సంగతీ అంతే. అది ఆమ్ల నేలలోనే సరిగ్గా కరుగుతుంది, కుండీలో ఈ సీజన్‌కి అక్కరకి రాదు. అరటి తొక్క నానబెట్టిన నీళ్లలో కాస్త పొటాషియం ఉంటుంది, ఆకలిగొన్న కుండీకి అది ఏమూలకీ చాలదు.

చెక్క నీళ్లు, వర్మీకంపోస్ట్ చెడ్డవని అనడం లేదు. నేలలో పెట్టిన పెటూనియాకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, అక్కడ మట్టిలో సూక్ష్మజీవులు వాటిని విడగొట్టి అందిస్తాయి. వేలాడే కుండీ వేరు. చిన్న కుండీ, పెద్ద మొక్క, రోజూ నీళ్లు. తడిపిన ప్రతిసారీ అడుగునుంచి పోషకాలు కారిపోతూనే ఉంటాయి. వంటింటి డబ్బాకి చిల్లి ఉంటే ఎంత పోసినా నిలవదు చూడండి, అలాగ. అందుకే కొంచెం కొంచెంగా, తరచూ ఇవ్వాలి.

చెక్కపిండి:
బూడిద విషయం సరే, వెనక్కి తీసుకుంటున్నా. చెక్క నీళ్ల విషయంలో మాత్రం నా మాట నాదే 😀 నా కుండీలు పెద్దవి, మట్టి కూడా ఎక్కువ.

కుండీరాజ్యం:
మరి నేను ఇప్పుడు వరుసగా ఏం చేయాలండీ?

నర్సరీమనిషి:
ముందు కుండీని కడగండి. అంటే మామూలు నీళ్లు మెల్లగా, అడుగునుంచి బాగా కారేదాకా పోయాలి. కాసేపు ఆగి మళ్లీ ఒకసారి. పేరుకున్న లవణాలు పోతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకునే వీలుంటే వాటితో చేస్తే ఇంకా మంచిది, వాటిలో బైకార్బొనేట్లు దాదాపు ఉండవు. కింద పళ్లెం ఉంటే కారిన నీళ్లు పారబోయండి, లేకపోతే అవే మళ్లీ పైకి పీల్చుకుంటుంది.

తర్వాత చిలేటెడ్ ఐరన్, అంటే వేళ్లకి అందేలా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము. ఇక్కడ డబ్బా మీద చిన్న అక్షరాలు చదవాలి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే సరిగా పనిచేయదు. డీటీపీఏ సుమారు 7 దాకా ఫరవాలేదు. ఈడీడీహెచ్ఏ క్షార మట్టిలో కూడా నిలబడుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే ఎర్రగా కరుగుతుంది, కంగారుపడకండి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే. ఇది మట్టిలోనే పోయండి. ఆకుల మీద పడితే వెంటనే మంచినీళ్లతో కడిగేయండి, లేకపోతే నల్లమచ్చలు పడతాయి.

నా మాట మీద అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. అదే ద్రావణం బాగా పలచన చేసి, దూదితో ఒకే ఒక్క పసుపు ఆకుకి పూసి, ఆ కొమ్మకి దారం కట్టండి. కొన్నాళ్లలో ఆ ఆకు మాత్రం పచ్చబడితే లోటు ఇనుముదే.

లెక్కలపంతులు:
ఎరువు విషయానికి: 10-52-10 పక్కన పెట్టేసి 20-20-20 లేదా 19-19-19 రకం, సూక్ష్మపోషకాలు కలిసినది తీసుకోండి. వారానికోసారి పోసేటట్టయితే లీటరుకి ఒక గ్రాము. ప్రతి తడికీ కలిపి పోస్తానంటే అర గ్రాము. చెంచా కొలత నమ్మకండి, ఒక్కో పొడి బరువు ఒక్కోలా ఉంటుంది. చిన్న తూకం ఒకటి ఉంటే గొడవ ఉండదు. ఇందులో భాస్వరం కూడా మొక్కకి కావలసినదానికన్నా ఎక్కువే, కానీ 10-52-10 లాగా కొంప ముంచదు. భాస్వరం తక్కువున్న 20-10-20 లాంటిది దొరికితే ఇంకా నయం.

నర్సరీమనిషి:
పంతులు గారి మాటకి ఒక చేర్పు. నత్రజని ఏ రూపంలో ఉందనేది కూడా చూడండి. యూరియా, అమ్మోనియం రూపంలో ఉన్నది మట్టిని కాస్త ఆమ్లం వైపు లాగుతుంది. నైట్రేట్ రూపంలో ఉన్నది క్షారం వైపు. కఠినమైన నీళ్లున్నవాళ్లకి మొదటి రకం కలిసొస్తుంది. కాల్షియం నైట్రేట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పీహెచ్ ఇంకా ఎక్కుతుంది.

కొత్తమొలక:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను గింజల నుంచి పెంచుతున్నాను. దుమ్ములాంటి గింజలు, ఎన్ని పడ్డాయో కూడా తెలియలేదు. ఇప్పుడు చిన్న చిన్న మొలకలు. వీటికి ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి?

మేడతోట:
గ్రాముకి 10,000 దాకా గింజలుంటాయి, ఎన్ని పడ్డాయో తెలియకపోవడంలో వింత లేదు. పైన మట్టి కప్పలేదు కదా? వాటికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి. మొదట వచ్చే రెండు బుల్లి ఆకులు గింజలోవే. వాటి తర్వాత అసలు ఆకుల జత వచ్చాక మొదలుపెట్టండి, అదీ పావు మోతాదు, అంటే 50 పీపీఎం దగ్గర. పంతులు గారి లెక్కలో లీటరుకి పావు గ్రాము. నారు మీద పెద్ద డోసు పడితే వేళ్లు మాడిపోతాయి. ఆకులు అయిదారు వచ్చాక కొస తుంచితే పక్క కొమ్మలు వేసుకుంటుంది.

కుండీల్లోకి మార్చేటప్పుడు, పైన పొర ఉండి మెల్లగా వదిలే గుళికల ఎరువు కొంచెం మట్టిలో కలపండి. దాని మీద మూడు నాలుగు నెలలు అని రాసి ఉంటుంది చూశారా, అది సాధారణంగా 21 డిగ్రీల లెక్క. వేడి పెరిగితే గుళికలు తొందరగా వదిలేస్తాయి. మండుటెండల్లో ఉన్న కుండీకి నాలుగు నెలల గుళిక చాలా ముందే ఖాళీ అయిపోతుంది. ‘గుళికలు వేశాం కదా’ అని చేతులు దులుపుకునేవాళ్ల మొక్కలే సీజన్ మధ్యలో డీలా పడతాయి. గుళికలు పునాది మాత్రమే, పైన నీళ్ల ఎరువు నడుస్తూ ఉండాలి. నేలలో పెట్టినవాటికి మాత్రం గుళికలు, రెండు మూడు వారాలకోసారి నీళ్ల ఎరువు చాలు.

పూలగంప:
నాదీ ఇదే గోడు, పూలు రావడం లేదు. కానీ ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొగ్గలు కూడా వస్తున్నాయి. తెల్లారి చూస్తే మొగ్గ విచ్చుకోకుండానే ఎండిపోతుంది, విచ్చుకున్నా రేకులు చిల్లులు. ఏ ఎరువు తక్కువైంది?

నర్సరీమనిషి:
ఎరువేమీ తక్కువ కాలేదు, మొగ్గ తొలిచే పురుగు పడింది. ఒక ఎండిన మొగ్గ కోసి, పక్కనుంచి చూడండి. సూది మొనంత రంధ్రం ఉంటుంది. కింది ఆకుల మీద నల్లటి గసగసాల్లాంటి రెట్టలు ఉంటాయి. పొగాకునీ పట్టే పురుగే ఇది, పెటూనియా పొగాకు కుటుంబానిదే కాబట్టి చుట్టం ఇంటికి వచ్చినట్టు వచ్చేస్తుంది. తిన్న పువ్వుని బట్టి పురుగు రంగు కూడా మారొచ్చు, అందుకే కంటికి ఆనదు. సాయంత్రం చీకటి పడేవేళ చూస్తే బయట తిరుగుతూ దొరుకుతుంది. ఏరేయండి, రంధ్రం పడ్డ మొగ్గలన్నీ తుంచి పారేయండి. బీటీ మందు (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసినది) చల్లాలంటే సాయంత్రమే. ఎండకి దాని బలం పోతుంది, పైగా పురుగు మొగ్గలోపలికి దూరకముందే దాన్ని తినాలి.

పూలగంప:
రంధ్రాలు ఉన్నాయండీ!! రెట్టలు కూడా. ఇన్నాళ్లూ ఎరువు మీద ఎరువు పోస్తున్నాను.

మేడతోట:
అయితే మీరు కూడా కుండీ కడగాల్సిందే 🙂

చెక్కపిండి:
ఎప్సమ్ సాల్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? నెలకోసారి చెంచా వేస్తే ఆకులు పచ్చబడతాయని అందరూ అంటారు.

లెక్కలపంతులు:
అందులో ఉండేది మెగ్నీషియం, గంధకం. మెగ్నీషియం లోటైతే ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తుంది. ఈవిడకి లేత ఆకుల్లో ఉంది కాబట్టి ఎప్సమ్ పోసినా ఏమీ మారదు, కుండీలో లవణం మాత్రం పెరుగుతుంది. కోకోపీట్ వాడేవాళ్లకి మెగ్నీషియం, కాల్షియం తక్కువయ్యే అవకాశం ఉన్న మాట నిజమే. కఠినమైన నీళ్లున్న చోట ఆ రెండూ నీళ్లలోనే కొంత వస్తాయి. ఎప్సమ్, కాల్షియం నైట్రేట్ రెండూ చిక్కటి ద్రావణంగా ఒకే సీసాలో మాత్రం కలపకండి, తెల్లగా విరిగి అడుగున జిప్సం కూర్చుంటుంది.

కుండీరాజ్యం:
కొమ్మలు సాగిపోయి బోడిగా ఉన్నాయన్నాను కదా. ఎరువు మారిస్తే అవి మళ్లీ నిండుతాయా?

మేడతోట:
ఎరువుతో నిండవు, కత్తెరతో నిండుతాయి. పెటూనియా పూలన్నీ పెరిగే కొసల్లోనే వస్తాయి. కొమ్మ పొడవయ్యేకొద్దీ పూలు దూరం జరుగుతాయి. మూడోవంతు కత్తిరించండి. ఒక్కసారే అన్నీ కోస్తే కొన్నాళ్లు కుండీ బోసిగా ఉంటుంది. అది చూడలేకపోతే వారం వారం మూడు నాలుగు కొమ్మల చొప్పున కోసుకుంటూ రండి. కానీ కత్తెర ఇవాళే పట్టుకోకండి. ముందు కుండీ కడిగి, ఇనుము ఇచ్చి, లేత ఆకు పచ్చబడడం చూశాక కోయండి. పసుపు పట్టిన మొక్కని కోస్తే తేరుకోవడానికి దానికి సత్తువ ఉండదు. కోసిన మర్నాడు ఎరువు నీళ్లు పోస్తే రెండు మూడు వారాల్లో మళ్లీ మొగ్గ కడుతుంది.

వాడిన పూలు ఎలా తీస్తున్నారు? రేకుల గొట్టం లాగితే చేతికి వచ్చేస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. దాని వెనక ఆకుపచ్చ తొడిమలో గింజకాయ ఉండిపోతుంది. మొక్క దాన్ని పెంచడానికే తన శక్తంతా పెడుతుంది. కాడతో సహా గిల్లాలి. పెద్ద పూల రకాలకి ఇది తప్పదు. పాకే రకాలు చాలావరకు తమంతట తామే సర్దుకుంటాయి, కానీ వాటికి ఎరువు ఆకలి ఇంకా ఎక్కువ. చేతులు జిగురవుతాయి, అది తెగులు కాదు, ఆకు నూగు స్వభావమే అంత.

నర్సరీమనిషి:
ఎండిపోయిన కుండీలో ఎరువు నీళ్లు పోయకండి. ముందు మామూలు నీళ్లతో తడిపి, తర్వాత ఎరువు. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిపోయి కనిపిస్తే అది వేరు కుళ్లు కావచ్చు, అప్పుడు ఎరువు అసలు ముట్టుకోకూడదు. ఎండ రోజుకి ఆరు గంటలు లేని చోట అయితే ఈ చర్చలోని ఏ ఎరువూ పూలు తేలేదు.

కుండీరాజ్యం:
అందరికీ అప్‌డేట్. కుండీలు కడిగాను, కుళాయి మూతికి నిజంగానే తెల్లటి పెచ్చు ఉంది. ఈడీడీహెచ్ఏ ఐరన్ పోశాను. దూది పరీక్ష కూడా చేశాను. దారం కట్టిన ఆకు ముందుగా ఆకుపచ్చ మచ్చలు మచ్చలుగా తేలి, తర్వాత మొత్తం నిండింది. ఇప్పుడు కొత్త ఆకులన్నీ పచ్చగానే వస్తున్నాయి. మరీ తెల్లబడిన పాత ఆకులు మాత్రం అలాగే ఉన్నాయి. అవి పచ్చబడవా? మేడతోట గారు చెప్పినట్టు అది చూశాకే సగం కొమ్మలు కోశాను. కోసిన చోట కణుపు దగ్గర రెండేసి చిగుళ్లు లేచాయి, మొగ్గలు ఇంకా లేవు.

నర్సరీమనిషి:
మరీ తెల్లబడ్డవి కోలుకోవడం కష్టం, వాటిని పట్టించుకోకండి. చిగుళ్లు లేచాయంటే మొగ్గలు దారిలో ఉన్నట్టే. నీళ్లు మారలేదు కాబట్టి పసుపు మళ్లీ రావచ్చు, కొసల మీద కన్నేసి ఉంచండి.

కుండీరాజ్యం:
ఇంకొక్క ప్రశ్న. పక్కనే కాలిబ్రకోవా కుండీ ఉంది, ఒక పెద్ద తొట్టిలో పెటూనియాతో పాటు జెరానియం, బంతి కూడా ఉన్నాయి. మిగిలిన ఐరన్ నీళ్లు వాటికీ పోసేయనా?

నర్సరీమనిషి:
కాలిబ్రకోవాకి పోయండి, అది పెటూనియాకి దగ్గరి చుట్టం, ఇనుము విషయంలో ఇంకా సున్నితం. తొట్టికి మాత్రం వద్దు. జెరానియం, బంతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇనుమును సులువుగా లాగేసుకుంటాయి. పీహెచ్ తగ్గినా, ఇనుము ఎక్కువైనా ముదురు ఆకుల మీద తుప్పు రంగు చుక్కలు పడి అంచులు మాడతాయి. అక్కడి పెటూనియాకి పసుపు వస్తే దాన్ని తీసి వేరే కుండీలో పెట్టి, అప్పుడు ఇవ్వండి.

కుండీరాజ్యం:
మంచిపని అయింది అడిగాను, మగ్గు చేతిలోనే ఉంది. తొట్టిలో పెటూనియా ఇంకా చిన్నదే, ఈ సాయంత్రమే తీసి విడిగా నాటేస్తాను.